పాట మారినా అడుగు ఆగకూడదు: పెళ్లి ఫ్లోర్ మీద డీజే మిక్సింగ్

సంగీత్ అయినా రిసెప్షన్ అయినా ఫ్లోర్ ఖాళీ అయ్యేది పాట మధ్యలో కాదు, పాట మారే ఆ పది సెకన్లలో. అప్పటిదాకా చేతులు పైకెత్తి ఎగిరినవాళ్లకి కాలు ఎక్కడ వెయ్యాలో ఒక్క క్షణం తెలియకపోతే చాలు, ఒకరు ఫోన్ తీస్తారు, ఇద్దరు మంచినీళ్లకి వెళ్తారు, అంచున నిలబడి ఊగుతున్న పిన్నులు, బాబాయిలు మెల్లగా వెళ్లి కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లని మళ్లీ లేపాలంటే మీ దగ్గరున్న మంచి పాటలు రెండు మూడు ఖర్చైపోతాయి.

ట్రాన్సిషన్, అంటే పాట నుంచి పాటకి మారడం, అనగానే కొత్తవాళ్లు ఏ ఎఫెక్ట్ వాడాలి అని అడుగుతారు. ఎఫెక్టుల సంగతి తర్వాత. ముందు గుర్తుపెట్టుకోవాల్సింది, పాట మారేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చకండి. వేగం, లయ, బాస్, గొంతు అన్నీ ఒక్క దెబ్బకి మారిపోతే జనం ఆగిపోతారు. వాటిలో ఏదో ఒకటి పాత పాటలోంచి కొత్త పాటలోకి తెగకుండా రావాలి. కిక్ (డ్రమ్స్‌లో కింద దుమ్మని పడే దెబ్బ) తేగలిగితే కిక్, లేదంటే చప్పట్లు, ఏదీ కుదరకపోతే జనం నోట్లో ఉన్న లైన్. ఏది పట్టుకుని ఏది వదలాలి అన్నది పాటల జంటని బట్టి మారుతుంది, అసలు పనంతా అక్కడే ఉంది.

సినిమా పాటకి డీజే ఇంట్రో ఉండదు

హౌస్, టెక్నో ట్రాకులు డీజేలని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. మొదట 16 బార్లో 32 బార్లో (బార్ అంటే నాలుగు బీట్లు) ఉట్టి డ్రమ్స్ నడుస్తాయి, చివర కూడా అలాగే, కాబట్టి రెండిటినీ నిమిషం పాటు ఒకదాని మీద ఒకటి నడిపినా గొడవుండదు. యూట్యూబ్‌లో కనిపించే మిక్సింగ్ పాఠాలు ఎక్కువగా ఆ ట్రాకుల మీద చెప్పినవే. మన పాట అలా ఉండదు. సాకీతోనో, హమ్మింగ్‌తోనో, హీరో డైలాగుతోనో మొదలవుతుంది, తర్వాత పల్లవి, బీజీఎమ్, చరణం, మళ్లీ పల్లవి. దాన్ని మొదటి నుంచి వదిలి, 20 సెకన్ల పాటు ఉట్టి వయొలిన్లు మోగితే ఫ్లోర్ పోయినట్టే.

అందుకే సగం పని ఇంట్లోనే అయిపోవాలి. ప్రతి పాటకీ నాలుగు హాట్ క్యూలు (బటన్ నొక్కగానే పాట నేరుగా అక్కడికి దూకే గుర్తులు) పెట్టుకోండి. మొదటిది అందరికీ నోటికొచ్చే లైన్ సరిగ్గా మొదలయ్యే బీట్ మీద. రెండోది దానికి 8 లేదా 16 బీట్ల ముందు, డ్రమ్స్ మోగుతున్న చోట. మూడోది మీరు బయటికి రావాల్సిన చోట, అంటే పల్లవి ముగిసి చరణం ఎత్తుకోబోయే ముందు. నాలుగోది పాటలో ఎక్కడో ఒకచోట గొంతు లేకుండా ఉట్టి డప్పో డ్రమ్సో మోగే నాలుగు బార్లు. ఇది ఎక్కువగా బీజీఎమ్‌లో దొరుకుతుంది, ఎంత వెతికినా దొరకకపోతే స్టెమ్స్‌తో (పాటలోంచి గొంతునీ డ్రమ్స్‌నీ విడదీసే సదుపాయం) గొంతు తీసేసి ఎడిట్ చేసి పెట్టుకోండి. ఈ నాలుగు బార్లని లూప్ చేస్తే, అంటే అవే మళ్లీ మళ్లీ తిరిగేలా పెడితే, సినిమా పాటకి లేని డీజే ఇంట్రో మీ చేతిలోకి వచ్చినట్టే. నాలుగు క్యూలకీ నాలుగు రంగులు, అన్ని పాటల్లోనూ అదే వరుస. చీకట్లో, మీద పొగ మిషన్ పొగ కమ్మేసినప్పుడు చదవడానికి టైముండదు, వేలు దానంతటదే వెళ్లాలి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973లో డీజే కూల్ హెర్క్ చేసింది ఇదే. జనం పాటంతా కాకుండా డ్రమ్స్ మాత్రమే మోగే ఆ చిన్న ముక్క కోసం ఎదురు చూస్తున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పాడు. హిప్ హాప్ పుట్టుక అక్కడి నుంచే చెప్తారు. మన ఫ్లోర్ మీద కూడా డప్పు బిట్ రాగానే ఎవరు లేస్తారో చూడండి, ఆ ముక్క విలువ తెలుస్తుంది.

చరణం దాకా వెళ్లాలా వద్దా అంటే, మాస్ పాటలకి వద్దంటాను. పల్లవి రెండుసార్లు, హుక్ స్టెప్ బిట్, అక్కడితో బయటికి. నిమిషంన్నర, మహా అయితే రెండు నిమిషాలు. కానీ 90ల పాటలు కొన్నిటికి చరణం కూడా హాలంతా పాడుతుంది, అలాంటి చోట తొందరపడి కోసేస్తే జనానికి నిజంగానే బాధేస్తుంది. మొదటి లైన్ జనం పాడారా లేదా అని చెవి పెట్టండి, పాడుతుంటే వదిలేయండి.

లెక్క గురించి ఒక మాట. నాలుగు బీట్లు ఒక బార్, ఎనిమిది బార్లు అంటే 32 బీట్లు ఒక ఫ్రేజ్. 128 బీపీఎమ్ (నిమిషానికి ఎన్ని బీట్లు అన్న లెక్క) దగ్గర ఆ 32 బీట్లకి సరిగ్గా 15 సెకన్లు, 100 దగ్గర 19 సెకన్ల చిల్లర. కొత్త పాట ఎప్పుడు ఎత్తుకున్నా ఫ్రేజ్ మొదటి బీట్ మీదే ఎత్తుకోవాలి, బీట్ కలిసినా ఫ్రేజ్ కలవకపోతే చెవికి ఏదో తేడాగా ఉంటుంది, ఎందుకో జనం చెప్పలేరు గానీ ఒళ్లు కదలడం తగ్గుతుంది. సినిమా పాటల్లో ఒక చిక్కుంది, కొన్నిచోట్ల రెండు బార్లు ఎక్కువో తక్కువో ఉంటాయి, గాయకుడు లైన్ సాగదీసిన చోట లెక్క తప్పుతుంది. స్క్రీన్ చూపించే గీతల్ని నమ్మి కూర్చోకుండా ప్రతి పాటనీ ఒక్కసారైనా వేళ్ల మీద లెక్కపెట్టి వినండి. 80ల పాటలైతే లైవ్ వాయిద్యాలతో రికార్డైనవి, వేగం కొంచెం అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది, బీట్‌గ్రిడ్ (బీట్ల మీద సాఫ్ట్‌వేర్ గీసే ఆ గీతలు) మొదట్లో కుదిరినా రెండో నిమిషానికి పక్కకి పోతుంది. వాటికి గ్రిడ్‌ని ముక్కలు ముక్కలుగా సరిచేసుకోండి, లేదా సింక్ (వేగాన్ని సాఫ్ట్‌వేరే కలిపే బటన్) తీసేసి జాగ్ వీల్ (పాటని చేత్తో ముందుకీ వెనక్కీ నెట్టే చక్రం) మీద చెయ్యి ఉంచండి.

బాస్ మార్చే పద్ధతి, బీట్ బీట్‌గా

రెండు పాటలూ 104 బీపీఎమ్ అనుకుందాం, రెండూ మామూలు 4/4, అంటే బార్‌కి నాలుగు బీట్లు. మొదటి పాట చివరి పల్లవిలో ఉంది. రెండో పాటని నాలుగో క్యూ దగ్గర, అంటే ఉట్టి డ్రమ్స్ ముక్క మీద నాలుగు బార్ల లూప్‌లో పెట్టండి. దాని బాస్ నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఉండాలి, హై (సన్నని శబ్దాల నాబ్) కూడా కాస్త తగ్గించి ఉండాలి.

ఫ్రేజ్ మొదటి బీట్ మీద ప్లే నొక్కి ఎనిమిది బీట్లలో ఫేడర్ (శబ్దాన్ని పెంచి తగ్గించే స్లైడర్) పైకి తీసుకురండి. బాస్ లేదు కాబట్టి జనానికి వినిపించేది కొత్త పాట కాదు, ఉన్న పాటకే ఎక్కడి నుంచో చప్పట్లు, షేకర్ తోడయినట్టు ఉంటుంది. 17వ బీట్ నుంచి రెండో పాట హై మెల్లగా మామూలు స్థాయికి తెచ్చి, మొదటి పాట హై అంతే మెల్లగా తగ్గించండి. ఇప్పుడు అసలు ఘట్టం: 29వ బీట్ మీద, అంటే చివరి బార్ మొదలవగానే, మొదటి పాట బాస్ పూర్తిగా కోసేయండి. నాలుగు బీట్ల పాటు హాల్లో అడుగున ఏమీ ఉండదు, గొంతు, చప్పట్లు మాత్రమే ఉంటాయి. ఆ తర్వాత వచ్చే ఒకటో బీట్ మీద రెండో పాట బాస్ నాబ్ మధ్యకి తెస్తూ మొదటి హాట్ క్యూ నొక్కండి. అందరికీ తెలిసిన లైన్, నిండు బాస్ ఒకేసారి పడతాయి. మొదటి పాట ఫేడర్ వెంటనే కిందికి.

మొత్తం 18 సెకన్ల పని. ఇందులో కష్టమైంది ఆ నాలుగు బీట్ల ఖాళీని ధైర్యంగా ఉంచడం. కొత్తవాళ్లు భయపడి అక్కడ ఏదో ఒక సైరనో ఎయిర్ హార్నో వేసేస్తారు. వెయ్యకండి. బాస్ లేకుండా గడిచిన ఆ రెండు సెకన్ల వల్లే వచ్చే బాస్ అంత బరువుగా అనిపిస్తుంది.

రెండు పాటల బాసులు మాత్రం ఒకేసారి మోగకూడదు. రెండు కిక్కులు కలిస్తే శబ్దం రెట్టింపవుతుందని అనుకుంటారు, జరిగేది వేరు. కాస్త అటూ ఇటూ పడితే ఒకదాన్నొకటి తినేస్తాయి, సరిగ్గా కలిసి పడితే సిస్టమ్‌లో శబ్దం హద్దు దాటకుండా చూసే లిమిటర్ పట్టుకుని మొత్తం శబ్దాన్నే కిందికి నొక్కేస్తుంది. డీజే ముందు మీటర్ ఎర్రగా వెలుగుతుంటుంది, ఫ్లోర్ మీద మాత్రం చప్పగా వినిపిస్తుంది.

మీటర్ అంటే గుర్తొచ్చింది. బీట్ అద్భుతంగా కలిపినా ఎనర్జీ పడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది లెవెల్‌ని. ఈమధ్య వచ్చిన పాటలు గట్టిగా మాస్టర్ చేసినవి, పాతికేళ్ల నాటి పాట వాటి పక్కన సన్నగా వినిపిస్తుంది. కొత్త పాటని హెడ్‌ఫోన్‌లో వింటూ, గెయిన్ నాబ్‌తో రెండు ఛానళ్ల మీటర్లూ ఒకే ఎత్తులో ఆడేలా చూసుకుని ఆ తర్వాతే ఫేడర్ ముట్టుకోండి. యూట్యూబ్ నుంచి దించిన ఫైళ్లు పెద్ద బాక్సుల మీద ఇంకా అన్యాయంగా ఉంటాయి, కొని పెట్టుకున్న 320 కేబీపీఎస్ ఫైల్ పక్కన వాటిని వేస్తే దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

4/4 నుంచి తీన్మార్‌లోకి

మన పెళ్లిళ్లలో, ముఖ్యంగా తెలంగాణ బరాత్‌లో, డీజేకి నిజమైన పరీక్ష ఇదే. బయటి పాఠాల్లో దీని గురించి దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మామూలు 4/4 పాటలో ఒక్కో బీట్ నాలుగు ముక్కలుగా విరుగుతుంది, తకధిమి. తీన్మార్‌లో మూడు ముక్కలు, తకిట. కాలు పడే చోటు రెండిట్లోనూ ఒకటే అయినా, రెండు అడుగుల మధ్య జరిగే లెక్క వేరు. అందుకే కిక్కులు సరిగ్గా కలిసినా హై హ్యాట్లూ డప్పులూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి, చెవికి రాళ్లు దొర్లినట్టుంటుంది.

పైగా సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. జనం అడుగు నిమిషానికి 120 పడుతున్న తీన్మార్ పాటని అది 180 అనో 90 అనో చూపించొచ్చు, ఎందుకంటే మూడేసి ముక్కల్ని అది రెండేసిగా లెక్కేసుకుంటుంది. ఆ అంకె నమ్మి సింక్ నొక్కితే పాట పరుగెత్తనన్నా పరుగెత్తుతుంది, పాకనన్నా పాకుతుంది. పాట పెట్టుకుని కాలితో అడుగేస్తూ 15 సెకన్లలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, 30 పడితే 120. ఆ అంకెతో గ్రిడ్ సరిచేసి, పాట పేరు పక్కనో కామెంట్‌లోనో 6/8 (మూడేసి ముక్కల లయ) అని రాసి పెట్టుకోండి.

ఇక మార్పు. 4/4 పాట 116 దగ్గర ఉంది, తీన్మార్ 120 అనుకుందాం. చివరి పల్లవి నడుస్తుండగా కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా ఉంచేది) పెట్టి 116ని మెల్లగా 120కి జరపండి, ఇది మూడున్నర శాతం లోపే, ఒక్కసారిగా కాకుండా నాలుగైదు విడతల్లో జరిపితే ఎవరికీ తెలియదు. పల్లవి చివరి లైన్ రాగానే హై పూర్తిగా తీసేయండి, దాంతో తకధిమి అనే ఆ చిన్న ముక్కలు చాలావరకు మాయమవుతాయి, మిగిలేది కిక్, గొంతు. ఇప్పుడు ఒక బార్ లూప్, తర్వాత రెండు బీట్లు, తర్వాత ఒక బీట్. ఒక బీట్ లూప్‌లో అడుగు తప్ప ఇంకేమీ లేదు, జనం ఆ అడుగుని ఒంటితో పట్టుకుని ఉంటారు. నాలుగు అడుగులు పడనిచ్చి, ఐదో అడుగు మీద పాత పాటని పూర్తిగా కోసేసి తీన్మార్ డప్పు వదలండి. రెండు పాటలు ఒకదాని మీద ఒకటి అర సెకను కూడా నడవవు, అయినా తెగినట్టు అనిపించదు, ఎందుకంటే అడుగు తెగలేదు.

తిరిగి రావడం ఇంకా కష్టం. తీన్మార్ మీద ఎగిరిన ఒంటికి అదే వేగంలో వచ్చే మామూలు బీట్ చప్పగా ఉంటుంది. కాబట్టి పాటకో తీన్మార్ వేసి లోపలికీ బయటికీ తిరగకండి. మూడు నాలుగు తీన్మార్ పాటలు వరసగా వేసి, బయటికొచ్చేటప్పుడు బీట్‌ని నమ్ముకోకుండా గొంతుని నమ్ముకోండి, హాలు మొత్తానికీ తెలిసిన లైన్‌తో ఎత్తుకోండి.

బరాత్‌లో బండి ముందు లైవ్ డప్పులవాళ్లు కూడా ఉంటే మీ స్క్రీన్ మీద అంకెల్ని మర్చిపోండి. ఊపు పెరిగేకొద్దీ వాళ్ల వేగం పెరుగుతుంది, మీరు పిచ్ ఫేడర్ (పాట వేగం మార్చే స్లైడర్) మీద చెయ్యి పెట్టి వాళ్ల వెంట వెళ్లాలి. వాళ్లు మన వెంట రారు, రావాల్సిన అవసరం కూడా లేదు.

వేగం బాగా తేడా ఉన్నప్పుడు

98 నుంచి 128కి వెళ్లాలి. పిచ్ జరిపి కలపడం కుదరదు, కలిపినా గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. కీ లాక్ లేకుండా అయితే ఆరు శాతం దగ్గరే శ్రుతి ఇంచుమించు అర స్వరం మారిపోతుంది, గాయకుడి గొంతు పోల్చుకోలేరు.

ఇక్కడ పట్టుకోవాల్సింది జనం నోటిని. వర్చువల్ డీజే, సెరాటో, రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్లన్నిట్లోనూ ఇప్పుడు స్టెమ్స్ ఉన్నాయి, నడుస్తున్న పాటలోంచి డ్రమ్స్ అక్కడికక్కడే తీసేయొచ్చు. హుక్ లైన్ (అందరికీ నోటికొచ్చే లైన్) దగ్గర డ్రమ్స్ తీసేసి గొంతు ఉంచండి, తర్వాత లైన్‌కి ఫేడర్ దించేసి మైక్ జనం వైపు తిప్పినట్టు వదిలేయండి, హాలే పాడుతుంది. వాళ్లు పాడుతున్నంతసేపు వేగానికి పట్టు ఉండదు, ఆ లైన్ ముగిసిన చోట 128 పాటని డ్రాప్ (బీటూ బాసూ ఒక్కసారిగా పడే చోటు) మీదే వదలండి. జనం పాడతారని గట్టి నమ్మకం ఉన్న పాటతోనే ఇది చేయాలి. పాడకపోతే ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా ఉంటుంది.

దీనంత ఆర్భాటం లేని దారి ఇంకోటుంది. 70 ఉన్న పాట 140 పాటతో, 64 ఉన్నది 128తో సగం లెక్కన సహజంగానే కలుస్తుంది, అలాంటి జంటలు వెతికి రాసి పెట్టుకోండి. లేదా 96, 100, 104, 108 అంటూ మెట్లు మెట్లుగా ఎక్కండి, ఐదారు పాటల తర్వాత ఎంత పైకొచ్చామో ఎవరికీ గుర్తుండదు.

శ్రుతి కలవాలా అని చాలామంది అడుగుతారు. రెండు పాటల గొంతులో, రాగాలో ఒకదాని మీద ఒకటి నడుస్తుంటేనే కలవాలి, ఉట్టి డ్రమ్స్ మీద మారుస్తుంటే దాని జోలికి పోనక్కర్లేదు. చూడాల్సి వస్తే కామెలాట్ చక్రం (శ్రుతులకి అంకెలిచ్చి, కలిసేవాటిని పక్కపక్కన పెట్టిన పట్టిక) సులువు: 8ఎ పాట నుంచి 7ఎ, 9ఎ, 8బి, లేదా మళ్లీ 8ఎ. మన పాటలకి సాఫ్ట్‌వేర్ చెప్పే కీ అప్పుడప్పుడూ తప్పుతుంది, చెవిదే చివరి మాట.

ఎఫెక్టుల్లో నేను గట్టిగా చెప్పేది ఎకో ఒక్కటే. ఫ్రేజ్ చివరి బీట్ మీద ఎకో వేసి ఫేడర్ దించితే పాత గొంతు తోక కొత్త పాట మీదికి పాకుతుంది, తెగిన చోటు కనిపించదు. కొన్ని సెటప్‌లలో ఫేడర్ దించగానే ఎకో కూడా ఆగిపోతుంది, మీది ఎలాంటిదో ఇంట్లోనే చూసుకోండి. అయితే ప్రతి మార్పుకీ ఎకో వేస్తే మూడో పాటకే జనం పసిగట్టేస్తారు.

ఫ్లోర్ మీద జరిగేవి

మధ్యలో ఎగిరే కుర్రాళ్లని చూసి ఎనర్జీ అంచనా వేయకండి, వాళ్లు ఏం వేసినా ఎగురుతారు. అంచుల్లో ఉన్నవాళ్ల కాళ్లు చూడండి. మడమ ఆడుతుంటే వాళ్లు ఇంకో పాటకి లోపలికొస్తారు, అప్పుడు అందరికీ తెలిసిన పాట వేయాలి. కాళ్లు ఆగి మెడలు తిరుగుతున్నాయంటే తర్వాత మార్పుని ముందుకు జరపండి.

యాంకర్ మైక్ తీసుకోగానే పాట ఆపేయడం చాలా చోట్ల చూస్తాం. ఆపకండి. ఉట్టి డ్రమ్స్ ముక్కని నాలుగు బార్ల లూప్‌లో పెట్టి, మిడ్ (మధ్య శబ్దాల నాబ్) తగ్గించి, ఫేడర్ సగానికి తెండి. గొంతు వినిపించే జాగా మిడ్‌లోనే ఉంటుంది కాబట్టి యాంకర్ మాట స్పష్టంగా తెలుస్తుంది, కింద అడుగు నడుస్తూనే ఉంటుంది. ఆమె మాట ముగియగానే తర్వాత ఒకటో బీట్ మీద హుక్. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎంట్రీ కూడా ఇలాగే, వాళ్లు గుమ్మం దగ్గరికి రాకముందే పాట మొదలుపెట్టకుండా లూప్ మీద ఆపి ఉంచండి. ఫొటోగ్రాఫర్‌తో ముందే ఒక సైగ అనుకోండి.

ఓపెన్ లాన్ అయితే టైముని వెనక నుంచి లెక్కేయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. 9:55కి ఎవరో వచ్చి ఆపించే పరిస్థితి తెచ్చుకోకుండా మీ గట్టి పాటలు 9:15కే మొదలవ్వాలి. ఊరేగింపుల సంగతి ఇంకా జాగ్రత్త, హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్‌లని పోలీసులు 2024లో నిషేధించారు, బుకింగ్ తీసుకునే ముందే అనుమతుల సంగతి అడగండి.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి రెండు బీట్లు విడిపోయి గుర్రాల్లా పరుగెడతాయి. అప్పుడు జాగ్ వీల్ తిప్పుతూ సరిచేయాలని చూడకండి, సరయ్యేలోపు ఎనిమిది బీట్లు పోతాయి, హాలంతా వింటుంది. ఏ పాట జనానికి ఎక్కువ తెలుసో అది ఉంచి, రెండోదాని ఫేడర్ అప్పటికప్పుడు దించేయండి. అది పాత పాటే అయితే పల్లవి ఇంకోసారి తిరగనిచ్చి లెక్క మళ్లీ మొదలుపెట్టండి. కొత్త పాటైతే వెంటనే మొదటి హాట్ క్యూ నొక్కి హుక్ మీదికి దూకేయండి.